గాలి ఆగిన సొరంగం

"ఆ రాత్రి మూడుసార్లు చారు పోయించుకున్నాడమ్మా. మనసులో దిగులున్న మనిషి అట్లా తింటాడా?" అంది లియోంతినా పిన్ని.

నా ముందు కూడా ఒక గిన్నె పెట్టింది. బీన్సూ, పొగబెట్టిన పంది ఎముకా వేసి కాచిన పుల్లటి చోర్బా. నాకు ఆకలి లేదు. కానీ ఈ కొండల్లో పెట్టింది తినకుండా ప్రశ్నలడిగితే జవాబులు కూడా ముక్తసరిగానే వస్తాయి. చెంచా చేతిలోకి తీసుకున్నాను.

సాబిన్ క్రెత్సు ఆమె ఇంట్లో పైగది అద్దెకు తీసుకుని ఉండేవాడు. రాళ్ళ శాస్త్రం చదివిన మనిషి. క్లూజ్ నగరం నుంచి వచ్చాడు. మా ప్రభుత్వం ఎప్పుడో మూసేసిన వాల్యా రెచె బంగారు గనిని మళ్ళీ తెరుస్తామని నార్త్ హెరన్ అనే చిన్న కెనడా కంపెనీ ఒకటి షేర్లు అమ్ముతోంది. ఆ కంపెనీ చెబుతున్నంత బంగారం కొండలో నిజంగా ఉందో లేదో తేల్చడం సాబిన్ పని. అతను కంపెనీ మనిషి కాదు. అతను ఉందంటే షేరు లేస్తుంది, లేదంటే పడుతుంది. మొన్న పొద్దున ఆ గనిలోని అనా అనే సొరంగంలోకి ఒంటరిగా వెళ్ళాడు. మధ్యాహ్నానికి శవంగా దొరికాడు. ఒంటిమీద గీత కూడా లేదు. ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు.

పాత గనుల్లో చెడుగాలి మామూలే, ఇది ప్రమాదం, అని ప్రాసిక్యూటర్ తేల్చేశాడు. "సాయంత్రంలోగా ఫైలు మూసెయ్యండి వెతురియా గారూ. మీక్కూడా విశ్రాంతి కావాలి కదా" అన్నాడు పొద్దున ఫోన్లో.

విశ్రాంతి కావాలన్న మాట నిజమే. పోలీసు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళుగా శవాల వెనక తిరుగుతున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ శరదృతువులో రిటైరవుతాను. ఎవరైనా ఇది ప్రమాదమని నన్ను నమ్మించగలిగితే వాళ్ళకు సంతోషంగా దండం పెట్టేదాన్ని.

"పిన్నీ, పనిగురించి నీతో ఏమైనా మాట్లాడేవాడా?"

"నాకేం అర్థమవుతుందని మాట్లాడతాడు? రాళ్ళు తెచ్చి కిటికీలో పెట్టుకుని వాటితో మాట్లాడుకునేవాడు." చేతులు తువ్వాలుకు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, వీపు మాత్రం ఇంకా నిటారుగానే ఉంది. "ఒక్క మాట మాత్రం అన్నాడు. చారు తాగుతూ, పిన్నీ, నీ షేర్లు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. అయితే అమ్మొద్దు, నాలుగు రోజులు ఓపిక పట్టు, అన్నాడు. అలా చెప్పకూడదట. చెప్పి తనే నాలుక కరుచుకున్నాడు."

చెంచా కింద పెట్టేశాను.

పొద్దున్నుంచీ నేను వేసుకున్న లెక్క ఒకటుంది. కొండలో బంగారం లేదని సాబిన్‌కు తెలిసిపోయి ఉంటుంది, ఆ మాట బయటికి రాకుండా కంపెనీ డైరెక్టరు దోరు వాంచా అతని నోరు మూయించి ఉంటాడు. ఇలాంటి కంపెనీల్లో అలాంటి కథలు కొత్తేమీ కాదు. కానీ బంగారం ఉందని చెప్పబోయే మనిషిని దోరు ఎందుకు చంపుకుంటాడు? సాబిన్ నివేదిక వచ్చిన రోజు దోరుకు పండగ.

"నువ్వెందుకు కొన్నావు పిన్నీ ఆ షేర్లు?"

"మా ఆయన ఊపిరితిత్తులు ఆ కొండలోనే వదిలేసి వచ్చాడు. దాన్లో మాకూ కాస్త వాటా ఉండాలనిపించింది. ఊళ్ళో సగం మంది కొన్నారు. గని మూసినప్పుడు చేతిలో పెట్టిన డబ్బులో కాస్త మిగుల్చుకున్న వాళ్ళందరూ." ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పుడు అమ్ముకుంటున్నారు. శవం లేవకముందే మొదలెట్టారు. సాబిన్‌కు అక్కడ రాళ్ళే తప్ప ఏమీ దొరకలేదట, అమ్ముకుని బయటపడండి అని ఒకతను ఇంటింటికీ తిరిగి చెవిలో ఊదాడు."

"ఎవరతను?"

"మీవాడే. పూర్వం మీ పోలీసుల్లో ఉన్నాడే, బుజోర్. ఇప్పుడు కంపెనీకి కాపలా అధికారి. స్నేహంగానే చెప్పాడులే."

కంపెనీ జీతం తీసుకునేవాడు కంపెనీ షేర్లు అమ్ముకోమని జనానికి చెప్పాడు. ఆ మాట మనసులో పెట్టుకుని లేచాను. గుమ్మం పక్క అలమరలో పసుపురంగు పెట్టె ఒకటి కనబడింది, అరచేతిలో పట్టేంతది. గాలిని కొలిచే మీటరు. ఆక్సిజన్ తగ్గితే కీచుమని అరుస్తుంది. సాబిన్ దాన్ని తీసుకెళ్ళలేదన్నదే ప్రాసిక్యూటర్ ఫైల్లో ముఖ్యమైన ముక్క. అజాగ్రత్త అని రాశాడు.

"ఇది ఇక్కడెందుకు వదిలేశాడు?"

"అనాకి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ తీసుకెళ్ళేవాడు కాదమ్మా. ఆ సొరంగం నాకంటే బాగా ఊపిరి తీస్తుంది పిన్నీ, గుమ్మంలో నిలబడితే టోపీ ఎగిరిపోతుంది, అనేవాడు. నిజంగానే టోపీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు పాపం."

*

అనా సొరంగం ముందు ఇనుప గేటు పక్కన మా కానిస్టేబుల్ గవ్రిల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ భారీ మనిషి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది.

"పోయి ఏదైనా తిను. గేటు తాళం నాకిచ్చి వెళ్ళు. నేను పిలిచేదాకా రానక్కర్లేదు," అన్నాను. రెండోసారి చెప్పించుకోలేదు.

వాడు వెళ్ళాక గేటుకు దగ్గరగా నిలబడ్డాను. బయట ఎండ చురుక్కుమంటోంది. సొరంగం లోపల చీకటి, తడి, తుప్పు వాసన. జుట్టు చెదరలేదు. సిగరెట్ వెలిగించి గేటు కమ్మీల మధ్య పట్టుకున్నాను. పొగ నిటారుగా లేచింది. బయటికీ రాలేదు, లోపలికీ పోలేదు. దీపం ముందు అగరొత్తి పొగలా కదలకుండా పైకి పోయింది.

టోపీ ఎగరగొట్టే గాలి ఏమైంది?

"మీ డాక్టరు సిగరెట్లు మానెయ్యమన్నాడు కదా బాస్?"

వెనక్కి తిరగనక్కర్లేకపోయింది. పన్నెండేళ్ళు ఒకే గదిలో కూర్చుని పనిచేసిన గొంతు అది. ఒక్టావియన్ బుజోర్ కొత్త బూట్లు వేసుకున్నాడు. కంపెనీ పేరున్న జాకెట్టులో కాస్త ఒళ్ళు చేశాడు.

"నా డాక్టరు సంగతులు నీకెవరు చెబుతున్నారు?"

"చిన్న జిల్లా. అన్నీ తెలుస్తాయి." గేటుకు ఆనుకున్నాడు. "ఫైలు సాయంత్రానికి మూసేస్తారని విన్నాను. ఇంకా ఇక్కడెందుకు ఎండలో?"

"నువ్వు జనాన్ని షేర్లు అమ్ముకోమని ఎందుకు చెప్పావు?"

ముఖంలో ఏమీ కదల్లేదు. అది నేను నేర్పిన విద్యే. "మంచికే చెప్పాను. మనిషి పోయాడంటే గని ఇన్‌స్పెక్టర్లు వస్తారు, తాళం వేస్తారు, షేరు పడుతుంది. తెలిసినవాళ్ళు నష్టపోకూడదని చెప్పాను."

"మనిషి పోయాక చెప్పావా, పోకముందే మొదలెట్టావా?"

"ముసలమ్మలకు రోజులు గుర్తుంటాయా బాస్?"

నేను ముసలమ్మ పేరెత్తలేదు. అతనికి ఆ సంగతి తట్టినట్టుంది, చూపు పక్కకు తిప్పుకున్నాడు. నేను పట్టించుకోనట్టు సిగరెట్ దులిపాను.

"ఈ సొరంగానికి ఇంకో వైపు దారుందా?"

"లేదు. లోపలికి పోతే గోడే. గాలి ఆడదు కాబట్టే చచ్చాడు." జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు. "చూడండి, ఒకమాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు మంచి పోలీసు. కానీ అలసిపోయారు. అలసిపోయిన పోలీసుకు ప్రతి ప్రమాదమూ హత్యలాగే కనబడుతుంది. ఇంటికెళ్ళి పడుకోండి."

"నువ్వు మానేసినప్పుడు నీ కుర్చీ రెండేళ్ళు ఖాళీగా ఉంచాను బుజోర్."

"ఉంచమని నేనడగలేదుగా," అని వెళ్ళిపోయాడు.

అతని బూట్ల చప్పుడు రోడ్డు మలుపు తిరిగాక లియోంతినా పిన్నికి ఫోన్ చేశాను. వెనకాల ఏవో గొంతులు, కారు తలుపుల చప్పుళ్ళు వినబడ్డాయి. ఎవరింటికో బయల్దేరినట్టుంది.

"పిన్నీ, అనా దగ్గర అసలు గాలే లేదు."

"లేకపోవడమేమిటి? అక్కడే కదా ఆగస్టులో వెన్న చల్లారబెట్టుకునేవాళ్ళం."

"ఆ గాలి ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలుసా?"

"పై నుంచి. బీచ్ చెట్ల అడవి మీదుగా పోతే రాళ్ళ మధ్య బొరియ ఉంటుంది. చలికాలం ఊరంతా మంచు కప్పినా దాని చుట్టూ నేల కనబడుతుంది. కొండలోని వెచ్చటి గాలి పైకి తన్నుతుంది కదా మరి. వేసవిలో అటుది ఇటు. పైన పీల్చి కింద వదులుతుంది. ఎందుకమ్మా?"

"ఊరికే," అన్నాను.

*

కొండ ఎక్కడానికి నా మోకాళ్ళు పడ్డ బాధ ఇక్కడ రాయను. ప్రతి మలుపులోనూ ఆగాను. ఒకచోట చెట్టును కావలించుకుని నిలబడ్డాను కూడా. ప్రమాదమని రాసి సంతకం పెడితే ఈపాటికి ఇంట్లో కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఉండేదాన్ని.

బొరియ దొరకడం కష్టం కాలేదు. దానికి మూత వేసిన వాళ్ళు దాన్ని దాచడానికి తొందరలో పెద్దగా ప్రయత్నించలేదు. రాళ్ళ మధ్య మనిషి దూరేంత కంత. దానికి అడ్డంగా కొత్త చెక్కలు, వాటిమీద మందపాటి నీలం పరదా. చెక్కలకూ రాయికీ మధ్య సందుల్లో నురగ నింపారు. కిటికీలు బిగించేటప్పుడు డబ్బాలోంచి చిమ్ముతారే, పొంగి గట్టిపడే నురగ, అది. చీమ దూరే సందు కూడా లేదు. పిల్లలు పడకుండా అడ్డం పెట్టాలంటే రెండు చెక్కలు చాలు. ఇది గాలి పోకుండా బిగించిన పని.

వంగి నురగను వేలితో నొక్కాను. పాలమీగడ రంగులో ఉంది. ఎదురుగా దక్షిణం, పొద్దంతా తిన్నగా ఎండ.

పోయిన వేసవి మా బాల్కనీ కిటికీ చుట్టూ ఇదే నురగ నేనే నింపుకున్నాను. దాని మీద పూత వేసేవాడు రేపొస్తా మాపొస్తా అంటూ తిప్పాడు. ఎండ తగిలిన వైపు వారంలోనే బెల్లం రంగుకు తిరిగి పొడిపొడిగా రాలింది.

ఇది ఇంకా మీగడలాగే ఉంది. అంటే ఇది నింపి రెండు మూడు రోజులకు మించలేదు. సాబిన్ పోయేముందు రోజు కావచ్చు.

కూర్చున్నాను. కూర్చోక తప్పలేదు. పైన నోరు మూస్తే కింద ఊపిరాగుతుంది. లోపల కుళ్ళిన దుంగలు, గంధకం ఉన్న తడిరాయి ఉన్న కాస్త ఆక్సిజన్నీ తినేస్తాయి. కొండ రాత్రికి రాత్రే విషం కక్కనక్కర్లేదు. గాలి కదలకపోతే చాలు. సాబిన్ పొద్దున్నే వచ్చాడు. టోపీ జేబులో పెట్టుకున్నాడో, గాలి లేదేమిటని ఒక్క క్షణం ఆలోచించాడో తెలీదు. చేతిలో పని మీద ఆత్రంతో లోపలికి నడిచాడు. చెడుగాలికి వాసన ఉండదు. మోకాళ్ళు వంగేదాకా తెలీదు.

కొండ కింది నుంచి రాళ్ళు జారిన చప్పుడైంది. బుజోర్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. నన్ను చూశాడు, మూతను చూశాడు, టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మీ కారు కింద ఖాళీగా కనబడింది. పడిపోయారేమోనని వచ్చాను."

"ఇదెవరు మూశారు?"

"నేనే. మేకలు పడుతున్నాయి, పిల్లలు తొంగిచూస్తున్నారు. కంపెనీ భద్రత నా బాధ్యత. పోయిన వారం చేయించాను."

"డైరెక్టరు చెప్పాడా?"

"ప్రతి చిన్నదానికీ డైరెక్టర్ని అడగాలా?"

"పోయిన వారం చేయించావు. ఎండకు రంగు మారలేదే?"

"మంచి రకం నురగ."

"ఇది అనా సొరంగానికి పైనోరు కాదా?"

"మేకబొరియ బాస్ ఇది. నాలుగు మూరలు పోతే మూసుకుపోతుంది. దీనికీ అనాకీ ఏ సంబంధమూ లేదు. మ్యాపులో చూసుకోండి."

"అయితే తీసేసినా నష్టం లేదు."

చుట్టూ చూశాను. చెక్కల పక్కనే వాళ్ళు వదిలేసిన ఇనుప గునపం ఒకటి పడి ఉంది. దాన్ని తీసుకుని నురగలోకి పొడిచాను. మెత్తగా దిగింది. బుజోర్ కదల్లేదు కానీ, చేతిలో టోపీ నలుగుతోంది. నేను ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను.

"గవ్రిల్, మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేశావా? బయట ఎండగా ఉంటే గేటు తీసుకుని లోపల నీడలో కూర్చో. అవును, సొరంగంలోనే. నేను పైన చిన్న పని చూసుకుని వస్తాను." ఫోన్ జేబులో వేసుకుని గునపం రెండు చేతులా పట్టుకున్నాను.

"ఆగండి," అన్నాడు.

"ఏం?"

"ముందు వాణ్ణి అక్కణ్ణుంచి లేవమనండి."

"ఎందుకు? మేకబొరియేగా?"

టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. చెట్లలో ఎక్కడో పిట్ట ఒకటి అరిచింది. ఈ మనిషి మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు చొక్కా గుండీలు ఒకదానికొకటి మార్చి పెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు మళ్ళీ అదే మనిషి కనబడ్డాడు.

"ఇది తీస్తే కొండలో ఉన్న చెడుగాలంతా ఒక్కసారి కింది నోట్లోంచి పోతుంది. వాడు అక్కడే ఉన్నాడు. లేవమనండి బాస్, దయచేసి."

"గవ్రిల్ అక్కడ లేడు బుజోర్. అన్నం తినడానికి పంపాను. ఫోన్లో ఎవరూ లేరు."

అతను రాయి మీద కూర్చున్నాడు. నవ్వబోయాడు, కుదర్లేదు. "ఈ ఎత్తు మీరు దొంగల మీద వెయ్యడం ఎన్నిసార్లు చూశానో."

"చూశావు. అయినా పడ్డావు. వాడి ప్రాణం అనేసరికి ఆగలేకపోయావు. అది నీకు మంచి చేస్తుందో లేదో కోర్టు చూసుకుంటుంది. ఇప్పుడు చెప్పు."

గెలిచినట్టేమీ అనిపించలేదు. వేడినీళ్ళ బకెట్టు గుర్తొచ్చింది.

"చంపాలని కాదు," అన్నాడు నేలవైపు చూస్తూ. "గని ఇన్‌స్పెక్టరు ఆ మధ్యాహ్నం గాలి కొలవడానికి రావాల్సి ఉంది. కొలిస్తే బాగుండదు, అనా మూసేస్తారు. ఒకటి రెండు నెలలు పని ఆగుతుంది. షేరు కిందికి పోతుంది, అప్పుడు మొత్తం కంపెనీని చవగ్గా కొనేస్తాం అన్నారు. తర్వాత నేనే వచ్చి మూత తీసేస్తాను, గాలి ఆడుతుంది, గని తెరుస్తారు. ఎవరికీ ఏమీ కాదు. కొత్త కంపెనీలో నాకు వాటా ఇస్తామన్నారు. బంగారం ఉందని వాళ్ళకు సాబిన్ కంటే ముందే తెలుసు."

"ఊరి వాళ్ళ షేర్లు?"

"అవి కూడా కావాలన్నారు."

"సాబిన్?"

"ఆ రోజు అతను క్లూజ్ వెళ్ళిపోవాలి. సామాను కూడా సర్దుకున్నాడట. ఇంకొక్క రాయి కావాలని పొద్దున్నే లోపలికెళ్ళాడు. ఒక్క రాయి." టోపీతో కళ్ళు ఒత్తుకున్నాడు. "తర్వాత వచ్చి తీసేద్దామనుకున్నాను. కింద రెస్క్యూ వాళ్ళున్నారు. వాళ్ళు పోయాక మీ గవ్రిల్‌ని కూర్చోబెట్టారు. తీస్తే వాడు పోతాడు. తీయకపోతే మీరు చూస్తారు."

"అన్నారు, చెప్పారు అంటున్నావు. ఎవరు?"

నోరు తెరవబోయాడు. అంతలో నా ఫోన్ మోగింది. ఈసారి నిజంగానే గవ్రిల్.

"మేడమ్, తినడం అయింది. రమ్మంటారా? ఇక్కడ జనం ఎక్కువగా ఉన్నారు, కాస్త చూడమని డైరెక్టరు గారు అడిగితే ఆగాను."

"ఇక్కడంటే?"

"కొండకు అటువైపు, వర్వారా సొరంగం దగ్గర. షేర్లు కొన్నవాళ్ళు బయటి దేశాల నుంచి వచ్చారు. గని భద్రంగానే ఉందని చూపించడానికి డైరెక్టరు గారు అందర్నీ లోపలికి తీసుకెళ్ళారు. ఊరివాళ్ళు కూడా వెళ్ళారు. మీ చోర్బా పిన్ని కూడా."

బుజోర్ లేచి నిలబడ్డాడు.

"బాస్. వర్వారా పైబొరియ కూడా మూసేశాను."

"ఏమన్నావు?"

"ఏ బొరియ ఏ సొరంగానికి కలుస్తుందో అప్పుడు నాకు సరిగ్గా తెలీదు. రెండూ మూస్తే ఏదో ఒకటి పనిచేస్తుందనుకున్నాను. వర్వారాకు తాళం ఉంది కదా, ఎవరూ వెళ్ళరనుకున్నాను." గునపం అందుకుని పైకి పరిగెత్తబోయాడు. జాకెట్టు పట్టుకుని లాగాను.

"ఇప్పుడు తీస్తే ఆ గాలంతా వాళ్ళ మీదికే పోతుంది. ఇందాక నువ్వే చెప్పావు." ఫోన్లో అన్నాను, "గవ్రిల్, విను. వర్వారా గుమ్మంలో గోడ వెంబడి లోపలిదాకా పాత ఇనుప గొట్టం ఉంటుంది. రాయి తీసుకుని దాన్ని కొట్టు. ఆపకుండా కొట్టు. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టకు. ఎవరు బతిమాలినా పెట్టకు."

"ఎందుకు మేడమ్?"

"కొట్టరా."

ఫోన్లోంచి ఇనుము మోగింది. ఖణ్, ఖణ్, ఖణ్. నేను బుజోర్ ఫోన్ లాక్కుని రెస్క్యూ వాళ్ళను పిలిచాను. గాలి సిలిండర్లతో రావడానికి గంట పడుతుందన్నారు. అందులో ప్రాసిక్యూటర్ నంబరు కూడా కనబడింది కానీ ఆయనకు చెయ్యలేదు. ఆయన విశ్రాంతి తీసుకుంటుంటాడు.

ఇద్దరం ఫోన్ మధ్యలో పెట్టుకుని రాతి మీద కూర్చున్నాం. పూర్వం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఫోన్ మోగడం కోసం ఎదురుచూసినట్టే ఉంది. కొంతసేపటికి దూరంగా అరుపులు, దగ్గులు, ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు. తర్వాత లియోంతినా పిన్ని గొంతు.

"అమ్మా, గొట్టం మోగించమన్నది నువ్వేనా? బాగా చేశావు. డైరెక్టరు చేతిలో పసుపు పెట్టె కీచుమని ఒకటే అరుపు. చెడిపోయింది, ఏం భయం లేదు, అంటాడు అందరి ముందూ. నాకు తల తిరుగుతోంది. అంతలో గొట్టం మోగింది. మా ఆయన ఉన్నప్పుడు అది మోగితే ఊళ్ళో ఆడవాళ్ళందరం గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళం. నడవండి బయటికి అని నేనే అరిచాను. డైరెక్టరు కూడా భయపడ్డాడు, అందర్నీ ముందుకు తోశాడు."

"అందరూ వచ్చారా పిన్నీ?"

"ఇద్దరు తప్ప."

"ఎవరు?"

"బంగారు రాయి దగ్గర్నుంచి చూడాలని ఒకాయన ముందే వెళ్ళిపోయాడు, జూరిచ్ నుంచి వచ్చినాయన. ఆయన్ని తీసుకొస్తానని దోరు మళ్ళీ వెనక్కి పోయాడు. వద్దన్నాను. నా అతిథి పిన్నీ, అన్నాడు."

దోరు వాంచా. పొద్దున్నుంచీ నేను సంకెళ్ళు వేద్దామనుకున్న మనిషి.

బుజోర్ ఫోన్ మీదికి వంగాడు. "పిన్నీ, నేను బుజోర్‌ని. ఆ జూరిచ్ ఆయన కొంచెం కుంటుతాడా?"

"అవును నాయనా. చేతికర్ర ఉంది. నవ్వుతూ మాట్లాడతాడు. నీకు తెలిసినవాడా?"

అతను ఫోన్ మీంచి తల పైకెత్తాడు. నా వైపు చూశాడు.

"వాడే బాస్. నాకు ఈ నురగ డబ్బాలిచ్చింది వాడే. అనా ఒక్కటే మూయమన్నాడు. రెండోది కూడా మూశానని నేను వాడికి చెప్పలేదు."

"పేరు?"

"ఎప్పుడూ చెప్పలేదు. వాడి వెనక ఎవరున్నారో కూడా తెలీదు. నాకు ముఖం ఒక్కటే తెలుసు."

కొండకు అటువైపు గవ్రిల్ ఇంకా గొట్టం కొడుతూనే ఉన్నాడు. కాసేపు కొట్టి, చెవి ఆనించి వింటున్నట్టు ఆగుతున్నాడు. లోపలి నుంచి ఏ జవాబూ రావడం లేదు. మళ్ళీ కొడుతున్నాడు.